రంగము నుండి వచ్చిన నాయనమ్మ

మన తీరప్రాంతమున పూర్వము రంగూనును ‘రంగము’ అనెడివారు. కాకినాడ చెంతనున్న కోరంగి రేవు పేరిట తెలుగువారికి అచ్చట ‘కోరంగీలు’ అను పేరు స్థిరపడినది. బియ్యపు మిల్లులలో పనికై పోయినవారిలో మా తాతగారొకరు. 1936లో మా నాయనమ్మ, పదునారవ యేట, ఓడయెక్కి ఆయన వెంట వెళ్ళెను.

1941 డిసెంబరు 23న రంగూనుపై జపాను బాంబులు పడెను. ఓడలలో చోటు దొరకనివారు 1942లో కొండదారుల కాలినడకన బయలుదేరిరి. కలరాకు, మలేరియాకు వేలమంది బలియైరి. నాయనమ్మ చంకనెత్తుకొన్న తొలిచూలు బిడ్డ మణిపురము చేరకమునుపే దారిలో పోయెను. ఆ మాట ఆమె మాతో ఒక్కసారియే చెప్పెను. కాని యేటేట సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టునపుడు ఒక చిన్న చొక్కా కూడ పెట్టెడిది.

1964లో బర్మా ప్రభుత్వము దుకాణములను జాతీయము చేయగా, వేలకొలది భారతీయులు ఓడలలో తిరిగివచ్చిరి. విశాఖపట్టణమున దిగినవారికి ఆమె అన్నము వండి మోసుకొనిపోయెను. వారించినవారితో, “నడిచొచ్చినవాళ్ళం, వీళ్ళ ఆకలి మనకు తెలీదా?” అనెనట.

2015లో, తొంబదియైదవ యేట, ఆమె కన్నుమూసెను. ఆ చిన్న చొక్కాను ఇప్పుడు యేటేట మేము కొనుచున్నాము.