తెర చీకటియైనపుడు

 

జీవితమంతయు బడిలో వ్యాకరణము చెప్పిన ముదుసలి లాప్‌టాపును గూర్చి మాటలాడుటయా యని మీలో కొందఱు నవ్వుకొందురేమో. నవ్వుకొనుడు, కాని తుదివఱకు వినుడు. మీ యిండ్లలోను నేడు మనుమలు పంపిన యంత్రములు గలవు. అవి మొండికెత్తిన నాడు నా యనుభవము మీకు అక్కఱకు రావచ్చును.

మా గురువుగారు తమ కడపటి దినములలో, తాము వ్రాసికొన్న వ్యాకరణ టిప్పణములను నా చేతిలో నుంచిరి. ఆ కాగితములు ముట్టుకొన్నచో పొడియగుచున్నవి. వానిని లాప్‌టాపున టైపుచేసి నిలుపవలెనని పూనుకొంటిని. వయసుచే చూపు మందగించినందున చిన్న తెరపై అక్షరములు నాకు కానరావు. కావున మా మనుమరాలు పెద్ద మానిటరు నొకదానిని కొనితెచ్చి, యు.ఎస్.బి.-సి అను కేబులుతో లాప్‌టాపునకు తగిలించెను. మూడు నెలలలో రెండువందల పుటలు పూర్తియైనవి.

అంతట సంక్రాంతికి లాప్‌టాపు సంచితో కుమార్తె యింటికి పోయి, తిరిగివచ్చునపుడు కేబులును, చార్జరును అచ్చటనే మఱచితిని. ఇంటనున్న ఫోను కేబులు నొకదానిని మానిటరునకును, ఫోను చార్జరును లాప్‌టాపునకును తగిలించితిని. మొనలు చక్కగా సరిపోయినవి. ఆ సాయంకాలమే లాప్‌టాపులోని లినక్సు వ్యవస్థకు అప్‌డేటు అనెడి సవరణలు వచ్చి చేరినవి. మఱునాడు చూతును గదా, పెద్ద తెర చీకటి! చార్జరు తగిలియున్నను బ్యాటరీ తఱుగుచునే యున్నది.

ఇరుగింటి యువకుడు చూచి, "మాస్టారుగారూ, ఇది లినక్సు దోషము. అంతయు తుడిచివైచి వేఱొక వ్యవస్థను ఎక్కించెదను" అనెను. పట్టణమున బాగుచేయువా డొకడు లాప్‌టాపును విప్పి చూడకయే, "మదర్‌బోర్డు పోయినది" అని తీర్పు చెప్పెను. అంతయు తుడిచినచో రెండువందల పుటలును పోవును. వానికి వేఱు ప్రతి లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తెల్లవారుజామున ఒక మాట తోచినది. కాకి వ్రాలుటయు, తాటిపండు రాలుటయు ఒక్క క్షణమున జరిగినంత మాత్రమున కాకియే పండును రాల్చినదనవచ్చునా? సవరణలు వచ్చిన మఱునాడే తెర చీకటియైనది; అంతమాత్రమున సవరణలే దోషులా? ఏది యున్నచో కార్యముండునో, ఏది లేనిచో కార్యము లేకుండునో, అదియే కారణము. తార్కికులు దీనిని అన్వయవ్యతిరేకము లందురు. బడిలో ఎన్నిమారులో చెప్పిన మాటను ఇపుడు చేసి చూడవలసివచ్చినది.

మొట్టమొదట రెండువందల పుటలను పెన్‌డ్రైవునకు ప్రతి చేసికొంటిని. తరువాత ఒక్కొక్కసారి ఒక్కదానినే మార్చితిని. టీవీ పెట్టెను హెచ్.డి.ఎం.ఐ. కేబులుతో మానిటరునకు తగిలించి, మానిటరు మీటతో ఆ మార్గమునే ఎంచితిని, బొమ్మ వచ్చెను. మానిటరు నిర్దోషి. లినక్సులో క్రొత్త కెర్నెలు, అనగా వ్యవస్థ యొక్క మూలభాగము, వచ్చినను పాతది సామాన్యముగా దాచబడియుండును. యంత్రము మేల్కొనునపుడు కనబడు పట్టికలో ఆ పాతదానిని ఎంచితిని. తెర అపుడును చీకటియే. సవరణల మీది యనుమానము చాలవఱకు వీడినది.

పిమ్మట యంత్రమునే అడిగితిని. లినక్సు 1991లో ఫిన్లండు దేశమున హెల్సింకిలో లీనస్ టోర్వాల్డ్స్ అను విద్యార్థి ఆరంభించినది. దాని మూలపాఠమును ఎవరైనను చదువవచ్చును. అది తన స్థితిని గూడ దాచదు. "సిస్" అను సంచిలో "క్లాస్", దానిలో "డి.ఆర్.ఎం." అను సంచి కలదు. అందు బొమ్మ వెడలు ప్రతి మార్గమునకును "స్టేటస్" అను చిన్న పత్రముండును. దానిని చదువగా "డిస్‌కనెక్టెడ్" అని యున్నది. అనగా మానిటరు తగిలినట్లే లాప్‌టాపు ఎఱుగదు! కావున దోషము కేబులులోనో, అది దూరెడి పోర్టులోనో యుండుటకే అవకాశము మెండు.

ఇంతలో మా కుమార్తె పంపిన కేబులును, చార్జరును బస్సు పార్సిలులో వచ్చినవి. ముందుగా కేబులును మాత్రమే మార్చితిని. బొమ్మ వచ్చినది. ఫోను కేబులు మరల పెట్టగా చీకటి కమ్మినది. ఇక సందేహము లేదు.

మొన యొక్కటియేయైనను గుణము వేఱేల యని మీరడుగవచ్చును. "హరి" యనగా విష్ణువు, ఇంద్రుడు, సింహము, గుఱ్ఱము, కోతి, కప్ప. శబ్దమొక్కటి, అర్థములు పెక్కు. యు.ఎస్.బి.-సి మొనయు అట్టి నానార్థపదమే. ఫోను కేబుళ్ళలో చాలవాని యందు విద్యుత్తును, కొలదిపాటి సమాచారమును మోయు తీగెలే యుండును. బొమ్మను వడిగా మోయు తీగెలుండవు. లాప్‌టాపు పోర్టులలోను బొమ్మ నీయనివి కలవు.

బ్యాటరీ సంగతియు నిట్టిదే. ఫోను చార్జరుపై 9 వోల్టులు, 2 ఆంపియర్లు అని యున్నది. గుణించినచో 18 వాట్లు. లాప్‌టాపు చార్జరుపై 20 వోల్టులు, 3.25 ఆంపియర్లు, గుణించినచో 65 వాట్లు. రాబడికి మించిన వెచ్చమున్న యింట గాదె తఱుగక యేమగును? స్వంత చార్జరు పెట్టినంతనే బ్యాటరీ నిండ నారంభించినది.

ఇక మీకు మూడు మాటలు. "స్టేటస్" పత్రము "కనెక్టెడ్" అని చెప్పుచున్నను తెర చీకటియైనచో, అమరికలలోని "డిస్‌ప్లే" పుటను చూడుడు. ఎన్విడియా చిప్పు గల కొన్ని లాప్‌టాపులలో హెచ్.డి.ఎం.ఐ. పోర్టు దానికే కట్టబడియుండును; దాని డ్రైవరు సరిగా లేనిచో ఆ పోర్టు పలుకదు. బ్యాటరీ నూటికి 80 వద్ద నిలిచిపోయినచో వెంటనే భయపడకుడు. దాని ఆయువు పెంచుటకై పెట్టిన హద్దు కావచ్చును. కాని బ్యాటరీ యుబ్బి లాప్‌టాపు వంగినచో, ఆ క్షణమే ఆపి, చార్జరు తీసి, తెలిసినవారికి అప్పగింపుడు. ఉబ్బిన బ్యాటరీ నిప్పంటుకొనగలదు. అచట పరీక్షలు పనికిరావు.

ఇరుగింటి యువకుని నేను నిందింపను. అతడే వచ్చి, పోయిన వారము మా లాప్‌టాపుపై ఈ పరీక్షలన్నియు నేర్చికొని పోయెను. గురువుగారి టిప్పణములు మూడువందల పుటలు దాటినవి. ప్రతి శనివారము వానిని పెన్‌డ్రైవునకు ప్రతి చేయుచున్నాను. మీ యింట నట్టి వ్రాతలున్నచో, మీరును నేడే యొక ప్రతి చేయింపుడు.