బల్గేరియా గోడలపై చిత్రకళ



చిత్రమును చూచుటకు కన్నులుండిన చాలునని మనలో పలువురి అభిప్రాయము. వస్త్రముపైనో కాగితముపైనో వ్రాసి చట్రములో బిగించిన పటము విషయమున ఈ మాట కొంతవరకు చెల్లునేమో గాని, కొండగుహలోను, సమాధిలోను, దేవాలయములోను గోడనే ఆశ్రయించి పుట్టిన చిత్రమునకు చెల్లదు. పటమును మన యింటికి తెచ్చుకొనవచ్చును. భిత్తిచిత్రము కడకు మనమే పోవలెను. పోయి, మొదట ఆ తావును, పిదప ఆ గోడను, ఆ మీదటనే బొమ్మను చూడవలెను. ఈ చూచు విద్యను అభ్యసింపగోరువారికి బాల్కను ద్వీపకల్పములోని బల్గేరియా చక్కని పాఠశాల.

ఆ దేశపు వాయవ్య మూలను బెలొగ్రాద్చిక్ అను చిన్న పట్టణము కలదు. దాని చుట్టును ఎఱ్ఱని యిసుకరాతి శిలలు, కొన్ని 200 మీటర్ల యెత్తున, గాలివానల తాకిడికి అరిగి చిత్రవిచిత్రమైన ఆకృతులు దాల్చి నిలిచియున్నవి. అచ్చటి జనులు ఒక శిలలో గుఱ్ఱపురౌతును, మఱియొక శిలలో బడిపిల్లను పోల్చుకొని, పేర్లు పెట్టి, కథలల్లుకొన్నారు. రూపము లేనిచోట రూపమును పోల్చుకొను ఈ మానవస్వభావమే చిత్రకళకు బీజము. ఆ చేరువనే యున్న మగురా గుహలో చరిత్రపూర్వమానవులు గబ్బిలముల పెంటనే రంగుగా గ్రహించి గోడలపై వేటకాండ్రను, మృగములను, చేతులు తలపైకెత్తి నర్తించు స్త్రీలను చిత్రించిరి. ఆ మూర్తులకు కన్నులు లేవు, ముక్కు లేదు, నగలు లేవు. అయినను అది నర్తనమని తెలిసికొనుటకు మనకు క్షణమైనను పట్టదు. ఏలన, చిత్రకారుడు దేహమును గాక దేహములోని కదలికను పట్టినాడు. కావున మొదటి పాఠ మిది: ఏ చిత్రమునందైనను వర్ణముల శోభకు లోబడకముందే రేఖ ఎటు సాగుచున్నదో గమనింపుడు.

రెండవ పాఠమునకు కజన్‌లక్ పట్టణమునకు పోవలెను. అత్తరుకై గులాబీలను పండించు లోయలో, 1944లో సైనికులు నేల త్రవ్వుచుండగా, ఆ ప్రాంతపు ప్రాచీనులగు థ్రేసియను జాతివారి సమాధి యొకటి బయల్పడినది. అది క్రీస్తుపూర్వము నాల్గవ శతాబ్దినాటిది. ఇరుకైన నడవ దాటిన పిమ్మట బోర్లించిన గంపవంటి గుండ్రని గది. దాని వెడల్పు మూడు మీటర్లయినను లేదు. పైకప్పు లోతట్టున నలుపు, ఎరుపు, పసుపు, తెలుపు అను నాలుగు వన్నెలతో ఒక విందు చిత్రింపబడినది. దంపతులు కూర్చుండియున్నారు, పరిచారకులు, అశ్వములు, రథము వారి యిరుప్రక్కలను నిలిచియున్నవి. భార్య తల నించుక వంచియున్నది. ఒకరి మణికట్టు నొకరు పట్టుకొనియున్నారు. అది కలయికయో, కడపటి వీడ్కోలో చిత్రకారుడు చెప్పలేదు. చెప్పకపోవుటయే ఆ చిత్రమునకు ప్రాణము. వారికి పైన, కప్పు ముగియు చోట, పందెపు రథములు పరుగెత్తుచున్నవి. గది వర్తులము గనుక ఆ పరుగునకు మొదలు లేదు, తుద లేదు. ఇదే చిత్రమును చదునైన పలకపై వ్రాసినచో రథములు ఎచ్చటనో బయలుదేరి ఎచ్చటనో ఆగవలసివచ్చును. మృత్యుగృహమున ఆగని పరుగు అను భావము నశించును. గోడ చిత్రమునకు కేవలము ఆధారము కాదు, అర్థములో భాగము. తూర్పున మదారా గ్రామము కడ, 100 మీటర్ల నిట్టనిలువు కొండచరియలో, నేలకు 23 మీటర్ల యెత్తున ఎనిమిదవ శతాబ్దిలో మలచిన అశ్వారూఢుని శిల్పమునకును ఈ న్యాయమే వర్తించును. ఆ యెత్తును తీసివేసినచో ఆ ఠీవి నిలువదు.

మూడవ పాఠము సోఫియా నగరపు అంచున, విటోషా పర్వతపాదమున నున్న బొయానా దేవాలయములోనిది. 1259లో చిత్రించిన ఆ గోడలపై 89 ఘట్టములు, 240 మానవమూర్తులు కలవు. క్రీస్తు కడపటి విందు ఘట్టమున బల్లపై రొట్టెతోపాటు ముల్లంగియు వెల్లుల్లియు కనబడును. శాస్త్రము విధించిన పవిత్రదృశ్యములోనికి చిత్రకారుడు తన యూరి భోజనమును వడ్డించినాడు. ఆ గుడికి దాత యగు కలోయాను దేవాలయపు నమూనాను చేతబట్టి యున్నాడు; ఆయన ప్రక్కన భార్య దెసిస్లావ. తూర్పు రోమను సామ్రాజ్యమగు బైజాంటియము సంప్రదాయము ననుసరించియే వారిని చిత్రించినను, దెసిస్లావ ముఖము ఏ యచ్చులోను పోసినది కాదు. అది ఆమెదే యగు ముఖము. ఇటలీలో చిత్రకారుడు జొట్టో జన్మింపకముందే ఇట్టి వ్యక్తిత్వచిత్రణము ఇచ్చట సిద్ధించినది.

అయితే చూచుటకును ఒక హద్దున్నది. మన ఊపిరిలోని తేమయు, దేహములోని వేడిమియు రంగులకు శత్రువులు. అందుచేత కజన్‌లక్‌లో అసలు సమాధికి చేరువనే దాని ప్రతిరూపమును నిర్మించి యాత్రికులకు చూపుచున్నారు. బొయానాలో కొద్దిమందిని మాత్రమే లోనికి పంపి, పది నిమిషములు కాగానే వెలికి రమ్మందురు. ఆ పది నిమిషములలో 240 మూర్తులను లెక్కింపబూనినవానికి ఒక్క మూర్తియు దక్కదు. పోగలిగినవారు ఒక్క ముఖమును ఎన్నుకొని దానియెదుట నిలువుడు. పోజాలనివారు మన లేపాక్షి మండపములో తలయెత్తి, కప్పుమీది చిత్రములలో ఒక్కదానిని ఎన్నుకొని, మొదట తావును, పిదప రేఖను, ఆ మీదట ముఖమును ఈ వరుసనే చూడుడు.