సరుకు నడక తెలిస్తేనే వ్యాపారం
(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



ఇంటిపట్టున ఉండి నాలుగు డబ్బులు సంపాదించుకుందామని చాలామంది గృహిణులు అప్పడాలు, పచ్చళ్లు, పొడులు చేసి అమ్ముతున్నారు. సంతోషించవలసిన విషయమే. అయితే వీటిలో కొన్ని ఏడాది తిరక్కుండానే మూతబడుతున్నాయి. "ఆవిడ చేతిలో రుచి లేదులెండి" అనేస్తాం. చాలాసార్లు లోపం రుచిలో ఉండదు. సరుకు ఎక్కడ కొన్నాం, ఎన్నాళ్లు నిలవుంచాం, అమ్మిన డబ్బు ఎప్పుడు చేతికొచ్చింది, ఆ లెక్కలో ఉంటుంది. పెద్ద కంపెనీలవారు దీనికే 'సప్లై చైన్ మేనేజ్‌మెంట్' అని పేరు పెట్టారు. పప్పుల కొట్టు నుంచి మన వంటింటికి, అక్కణ్ణుంచి కొనేవారి ఇంటికి, మళ్లీ డబ్బై మన కొంగుముడికి చేరే గొలుసన్నమాట.

ఈ గొలుసును చక్కగా నడిపిన ఆడవాళ్లు లిజ్జత్ అప్పడాలవారు. 1959 మార్చి 15న బొంబాయి గిర్‌గాంలో జస్వంతీబెన్ పోపట్, మరో ఆరుగురు గృహిణులు కలిసి, 80 రూపాయలు అప్పు తెచ్చి, మేడ మీద అప్పడాలు వత్తడం మొదలుపెట్టారు. మొదటిరోజు తయారైనవి నాలుగు పొట్లాలు! వానాకాలం రాగానే అప్పడాలు ఎండక నాలుగు నెలలు పని ఆపుకోవలసి వచ్చింది. మరుసటి ఏడు ఒక మంచం, ఒక పొయ్యి కొన్నారు. మంచం మీద అప్పడాలు పరిచి, కింద పొయ్యి పెట్టి ఆరబెట్టారు. గొలుసు ఎక్కడ తెగుతోందో కనిపెట్టి అక్కడే అతుకు వెయ్యడమంటే ఇదే కదా!

ఇప్పుడు ఆ సంస్థలో 40,000 మందికి పైగా స్త్రీలున్నారు. మినప్పప్పు, ఇంగువ, మిరియాలు సంస్థే ఒక్కచోట కొని శాఖలకు పంపుతుంది. అందుకే ఏ ఊళ్లో కొన్నా రుచి ఒక్కటే. పొద్దున్నే కలిపిన పిండి తూచి ఇస్తారు. ఇంటికి తీసుకెళ్లి వత్తి, మర్నాడు అప్పడాలు తెచ్చి ఇచ్చి, కూలి పుచ్చుకుని, మళ్లీ పిండి తీసుకెళతారు. సరుకు పట్టుకెళ్లే వర్తకుడు డబ్బు అప్పటికప్పుడు చెల్లిస్తాడు. అరువు లేదు, నెలల తరబడి నిలవా లేదు. జస్వంతీబెన్‌కు 2021లో పద్మశ్రీ ఇచ్చారు.

మన ఆవకాయ సంగతి వేరు. కాయ, కారం, ఆవపిండి, నూనె అన్నీ ఒక్కసారే కొనాలి. అమ్మకం మాత్రం ఏడాది పొడుగునా. అంటే డబ్బంతా జాడీల్లో ఇరుక్కుంటుంది. మా వీధిలో ఒకావిడ పచ్చడికి వంక పెట్టినవారు లేరు. దుకాణాలకు అరువిచ్చారు. వాళ్లు "వచ్చే నెల, వచ్చే నెల" అన్నారు. ఈలోగా నూనె కొట్టువాడు బాకీకి వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. గాజులు తాకట్టు పెట్టి తీర్చారు. పచ్చడి బాగుంది, వ్యాపారం పోయింది.

కనుక అమ్మా, ఆవకాయకు కాయ కొనే ముందే తెలిసినవారి దగ్గర కిలోల లెక్కన ఆర్డర్లు రాసుకుని, సగం పైకం ముందుగా పుచ్చుకోండి. మొహమాటపడకండి. నలుగురు కలిసి మిరపకాయలు, నూనె టోకున కొంటే ధర కలిసొస్తుంది. ఒక్క కొట్టునే నమ్ముకోక రెండోది చూసిపెట్టుకోండి. ముందు చేసిన సరుకు ముందు అమ్మాలి, జాడీ మీద తేదీ రాయండి. పొడుల్లాంటివి వారం వారం కొద్దికొద్దిగా చేసుకుంటే పెట్టుబడి త్వరగా తిరిగొస్తుంది.

ఇంకో మాట. 2006లో వచ్చిన చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం, ఉద్యం నమోదు చేసుకున్న చిన్న ఉత్పత్తిదారు దగ్గర సరుకు తీసుకున్నవారు ఎంత గడువు రాసుకున్నా 45 రోజులు దాటకుండా డబ్బు చెల్లించాలి. ఆలస్యమైతే వడ్డీ కూడా ఇవ్వాలి. ఈ నమోదుకు రుసుము లేదు. సరుకు ఇచ్చినప్పుడల్లా చీటీ మీద సంతకం తీసుకోవడం మరవకండి.

నెలసరుకుల జాబితా రాసి, పప్పు డబ్బా అడుగంటకముందే తెప్పించే మనకు ఈ విద్య కొత్తదేం కాదు. వంటింట్లో చేసే లెక్కనే ఒక నోటుబుక్కులోకి ఎక్కించండి, చాలు.