టెలిఫోను మార్గమున సభాప్రసారము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)



దూరమున నున్నవాని మాటను దగ్గరకు తెచ్చునది గ్రంథము. రేడియోయు అట్టిదే. అయితే సభ ఒకచోటను, ప్రసారనిలయము వేరొకచోటను ఉన్నప్పుడు ఆ రెంటినడుమ మాటను మోయు వాహన మొకటి కావలెను. ఆ వాహనము తొలినాళ్లనుండియు టెలిఫోనే. 1921 జనవరి 2వ తేదీన అమెరికాలోని పిట్స్‌బర్గు నగరమందలి కాల్వరీ చర్చిలో జరిగిన ప్రార్థనను టెలిఫోను తీగవెంట కె.డి.కె.ఎ. రేడియో నిలయమునకు పంపి ప్రసారము చేసిరి. అప్పటికి ఆ నిలయము ప్రసారములు మొదలిడి రెండు మాసములే. భక్తుల దృష్టి చెదరకుండుటకై యంత్రజ్ఞులు గాయకబృందపు అంగీలు తొడిగి పనిచేసిరట. యంత్రము కనబడరాదు, మాటయే వినబడవలెను అను మర్యాద నాటినుండియు కలదు.

నేడు ఆ తీగ చేయు పనిని చేతిలోని సెల్‌ఫోను చేయుచున్నది. కాని ఫోనును వేదికపై నిలిపినంత మాత్రమున సభ వినబడదు. ఉపన్యాసకుని కంఠమును, పంకా రొదయు, పిల్లల అల్లరియు కలగాపులగమై పోవును. ఇచ్చటనే మిక్సరు అను చిన్న పెట్టె అక్కరకు వచ్చును. పిల్లకాలువలన్నియు పెద్దకాలువలో కలియుచోట ఒక్కొక్కదానికి ఒక్కొక్క తలుపున్నట్లు, ఈ పెట్టెలో ప్రతి మైకునకును ఒక మర యుండును. దేనిని ఎంత తెరువవలెనో దానిని నడుపువాని వివేకము.

మైకు పుట్టించు విద్యుత్తు వోల్టులో కొన్ని వేయవ వంతులు మాత్రమే. మిక్సరు దానిని ఇంచుమించు ఒక వోల్టు వరకు పెంచును. ఫోనులోని మైకు మార్గమో, ఆ వేయవ వంతులకే ఏర్పడినది. కనుక మిక్సరునుండి వచ్చు ధాటిని మరల తగ్గించు సాధనమును నడుమ నుంచవలెను. లేనిచో గట్టు తెగిన కాలువవలె మాట చెదరిపోవును. గోడ కరెంటుపై నడచు మిక్సరునకును, ఛార్జరు తగిలించిన ఫోనునకును నడుమ హోరు పుట్టుటయు కలదు. రెంటిని బ్యాటరీపై నడుపుట మేలు.

రెండవ సూక్ష్మము మరింత ముఖ్యమైనది. దూరమునుండి మాటాడు పండితుని కంఠము ఫోనుద్వారా సభకు వచ్చును. సభలోని ప్రశ్నలు ఆయనకు పోవలెను. కాని ఆయన మాట ఆయనకే తిరిగి పోరాదు. పోయినచో, క్షణకాలము ఆలస్యముగా తన మాట తనకే వినబడి, ఎంతటి వాగ్మియైనను తడబడును. ఒకే పద్దును రెండుమార్లు జమకట్టిన లెక్క చెడునట్లే ఇదియును. కావున మిక్సరులో నుండు వేరొక మార్గమున సభాధ్వని నంతయు ఆయనకు పంపుచు, ఆ మార్గమున ఆయన కంఠపు మరను మాత్రము పూర్తిగా మూసి యుంచవలెను.

భాషాభిమానులు గమనింపదగిన విషయమొకటి. పాతకాలపు టెలిఫోను మార్గమున సెకనుకు 300 మొదలు 3400 వరకు కంపనములు గల ధ్వనులే పోవును. స కారమునకు ప్రాణమైన సీత్కారము చాలవరకు అంతకు పైనుండును. అందుచేత పద్యము చదివినప్పుడు శ, ష, స ల భేదము మాసిపోవును. నేటి మెరుగైన మార్గములు 7000 వరకు మోయగలవు. అయినను ఎడతెగని ధ్వనిని రొదగా భావించి అణచు గుణము సెల్‌ఫోనునకు కలదు. తంబురా శ్రుతి సైతము దానికి రొదయే. కనుక సభకు గంట ముందుగా, దూరమున నొకరిని నిలిపి, పద్యమును శ్రుతిని వినిపించి సరిచూచుకొనవలెను.

ఇవన్నియు పట్టణవాసులకే సాధ్యమనరాదు. జహీరాబాదు ప్రాంతమందలి మాచునూరులో 2008లో ప్రారంభమైన సంఘం రేడియోలో ధ్వనియంత్రములను నడిపినవారు పల్లెటూరి దళిత స్త్రీలు. నేర్చుకొను పట్టుదలయుండవలె గాని విద్య ఎవ్వరి సొత్తును కాదు.

తుదకొక మాట. మంచము దిగలేని వృద్ధుడు, దూరదేశమున నున్న గ్రామ యువకుడు ఈ సభను ఫోనులో వినుచున్నారనుకొనుడు. వారికి ఎవరి మాట చేరవలెనో మర పట్టిన చేయి నిర్ణయించును. పెద్ద గొంతుకలకు మర తెరచి, వెనుక వరుసలో నిలిచి అడిగిన కూలివాని ప్రశ్నకు మూసినచో, ఆ అన్యాయము దూరమున నున్నవారికి తెలియనే తెలియదు. అట్టి ప్రశ్నయే రాలేదనుకొందురు. దొంగలెక్క వ్రాసిన కలమునకును ఆ చేతికిని భేదము లేదు. పెద్ద గొంతును కొంత తగ్గించి, సన్నని గొంతును కొంత పెంచి, అందరి మాటయు సమముగా చేర్చుటయే ఆ యంత్రపు ధర్మము. గ్రంథాలయ ధర్మమును అదియే.

స్వస్తి.