సెలవా? విరమణమా?

(మైసూరు తెలుగు సోదరుల సర్వసభ్య సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



నేటి కార్యక్రమములో చిట్టచివర "గుఱ్ఱము సంగతి" యని యొక యంశమున్నది. జమాఖర్చులకు అరగంటయు, దీనికి ఐదు నిమిషములును కేటాయింపబడినవి. ఐదు నిమిషములలో తేలు విషయము కాదిది. కొంచె మోపిక పట్టుడని ప్రార్థించుచున్నాము.

మన పెండ్లి యూరేగింపులకు టాంగా లాగుచు వచ్చిన తెల్లగుఱ్ఱమును మీరందఱు నెఱుగుదురు. మీ యాడపడుచులలో పలువురు దాని బండిలోనే అత్తవారింటికి పోయినవారు. దానికి ఇప్పుడు 14 ఏండ్లు. రెండేండ్లుగా కుంటుచున్నది. మొదట 4 నెలలు, పిమ్మట 6 నెలలు పని మాన్పించి విశ్రాంతి నిచ్చితిమి. రెండు పర్యాయములును బాగైనట్లే కనబడినది. రెండు పర్యాయములును బండి కట్టి తారురోడ్డెక్కించిన పదిదినములలోనే కుంటు మరలివచ్చినది. ఇప్పుడు కొందఱు మఱి యాఱు నెలలు విశ్రాంతి యనుచున్నారు, కొందఱు అమ్మివేయుదమనుచున్నారు. పెండ్లిండ్లు ముగియువఱకు నొప్పిమాత్రలతో నెట్టుకొని రమ్మనువారును లేకపోలేదు.

ముందుగా కుంటును గూర్చి. ముందుకాలు నొచ్చిన గుఱ్ఱము ఆ కాలు నేల నానినప్పుడు తల పైకెత్తును, మంచికాలు ఆనినప్పుడు దించును. ఎవరైనను చూచి కనిపెట్టవచ్చును. కాని రెండు ముందుకాళ్లును సమముగా నొచ్చినచో తల యూపు కనబడదు, అడుగులు మాత్రము పొట్టివగును. చూచువారు "పాపము, ముసలిదైన"దందురు. మనవారును అట్లే యనుకొనిరి. పశువైద్యుడు ఒక కాలి మడమయొద్ద నరమునకు మత్తుమందు సూది వేసెను. ఆ కాలి కుంటు పోయినది, వెంటనే రెండవకాలి కుంటు బయటపడినది! అప్పుడుగాని సంగతి తెలియలేదు. గిట్టలోపల నావ యాకారమున నొక చిన్న యెముక కలదు. దానిమీదుగా లోతైన స్నాయువు రాచుకొనుచు పోవును. ఎక్సురేలో ఆ యెముక రెండు కాళ్లయందును చెడియున్నట్లు కనబడినది. గుఱ్ఱపు బరువులో నూటికి దాదాపు 60 పాళ్లు ముందుకాళ్లమీదనే యుండుట మఱవరాదు. మనుమంచిభట్టు పూర్వమే తెలుగున అశ్వలక్షణములు చెప్పియున్నాడు గాని, ఆ కాలమున తారురోడ్లు లేవు.

మేము వర్తకులము, విశ్రాంతిని పెట్టుబడిగానే చూతుము. గిట్టలో చీము పట్టినచో అది తీసివేసిన కొలదిదినములకు గుఱ్ఱము నడచును. స్నాయువు తెగినచో తొమ్మిది నెలలు, ఏడాది పట్టినను ఓపిక పట్టుట న్యాయము. అవి తిరిగివచ్చు బాకీలు. ఈ యెముక అట్టిది కాదు. విశ్రాంతిలో నొప్పి తగ్గును, ఎముక మాత్రము మరల రాదు. మడమ ఎత్తుచేసిన నాడాలు కొంత సుఖమిచ్చును. వాటిని వేయించి చూచియే యున్నాము. మొదటి సెలవు కారణము తెలియక మునుపటిది, అది సబబే. మూడవ సెలవు దేనికని యడుగుచున్నాము. గుఱ్ఱముకొఱకా, లేక మనము నిర్ణయమును వచ్చే యేటికి వాయిదా వేయుటకా?

నొప్పిమాత్రల మాట. ఫినైల్‌బ్యూటజోన్ ఇచ్చిన గుఱ్ఱము చక్కగా నడచును, సందేహములేదు. బాధ తెలియక చెడిన యెముకమీదనే బరువు మోపును. చిరకాలము వాడినచో కడుపులో పుండ్లు పడును, మూత్రపిండములు చెడును. పైగా 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారము రోగముచేత పనికి తగని జంతువుచే పని చేయించుట నేరము. పెండ్లి బండిమీద ఆ నేరము ఎక్కించుకొందుమా?

అమ్మకము సంగతి ఒక్కమాటలో ముగింతుము. బేరమాడ వచ్చినవానికి ఇటుకబట్టీ యున్నది.

కావున విరమణమే మా యభిప్రాయము. అయితే విరమణమనగా కొట్టములో కట్టివేసి మఱచుట కాదు. మెత్తని నేల కావలెను, తనంతట తాను మెల్లగా తిరుగాడవలెను, ఆఱు మొదలు ఎనిమిది వారముల కొకమాఱు గిట్టలు చెక్కింపవలెను. 300 కిలోల గుఱ్ఱమునకు బరువులో నూటికి రెండుపాళ్ల చొప్పున దినమునకు 6 కిలోల యెండుగడ్డి, అనగా ఏడాదికి 2,190 కిలోలు. గుఱ్ఱములు పాతికేండ్లు బ్రదుకుట సామాన్యమే గనుక పదేండ్లకు పైబడిన ఖర్చని తెలిసియే ఒప్పుకొనుడు. ఈ లెక్క దాచి తీర్మానము పొందుట మాకిష్టము లేదు.

ఇంతకంటె చిక్కైనది సాయిబుగారి సంగతి. బండి లేనినాడు ఆయనకు కూలి లేదు. గుఱ్ఱమునకు పింఛను నిచ్చి, దానిని పిల్లవానివలె సాకిన మనిషిని వీథిలో నిలుపుట మన సంఘమునకు తగదు. గుఱ్ఱమున్నంతకాలము దాని పోషకుడుగా నెలజీతము ఆయనకే ఇయ్యవలెనని తీర్మానములో చేర్చితిమి. "ఆయన మనవాడా" యని యొక మిత్రుడడిగెను. ఇన్నేండ్లు మన యాడపిల్లలను సాగనంపిన వాడెవరని బదులడిగితిమి.

చివరిమాట వినుటకు కష్టముగా నుండును. పని లేకున్నను నొప్పి తగ్గక, గడ్డియొద్దకు నడచి రాలేక, అధికభాగము పడుకొనియే యుండు దినము వచ్చినచో, వైద్యుని సలహాపై నొప్పిలేని మరణము నిప్పించు నధికారము కార్యవర్గమున కుండవలెను. జీవదయ పేరిట దీనికి అభ్యంతరము చెప్పువారున్నారు. వారియెడ గౌరవముతోనే విభేదించుచున్నాము. ఆ నొప్పి పడునది వారు కారు, మేమును కాము.

తీర్మానము మీ ముందున్నది. గుఱ్ఱము వెలుపల వేపచెట్టుక్రిందనే యున్నది. చేతు లెత్తుటకు మునుపు ఒకసారి పోయి అది నాలుగడుగులు వేయుట చూచి రండు. కాఫీయు అక్కడికే పంపించితిమి.