పాత ఫిల్ము కెమేరాలు: ఎంపిక, వాడుక, మరమ్మతు
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



పుస్తకముల పండుగలో కెమేరాల మాట యేల యని కొందరికి తోచవచ్చును. ఇండ్లలో మూలబడియున్న ఫిల్ము కెమేరాలను నేటి సభకు తెండని కార్యదర్శిగారు కోరియుండిరి. అవి ఆ బల్లపై నున్నవి. పెండ్లిపటములు తీసిన యంత్రములు తుదకు పాతసామాను కొనువాని తక్కెడకెక్కుట చూచుచున్నాము. వానిలో ఏది మరల పనికివచ్చునో, ఎంతవరకు మన చేతులతో బాగుపరచవచ్చునో చెప్పుదును.

ఎస్.ఎల్.ఆర్. అనునది చూచుటకును, చిత్రము తీయుటకును ఒకే కటకము గల కెమేరా. కటకము వెనుక ఏటవాలుగా ఒక అద్దముండును. అది వెలుతురును పైకి పంపగా గరుకుగాజుపై బొమ్మ ఏర్పడును. దానిని పైనున్న పట్టకము తిన్నగా కంటికి చేర్చును. మీట నొక్కగనే అద్దము లేచును. రెండు నల్లని తెరలు ఒకదాని వెంట నొకటి పరుగెత్తును. వాని నడిమి సందునుండి వెలుతురు ఫిల్ముపై పడును. జర్మనీలోని డ్రెస్డెన్ నగరమున 1949లో వెలువడిన కాంటాక్స్ ఎస్ కెమేరాలో ఈ పట్టకముండెను. 1954లో జపానువారి అసాహిఫ్లెక్స్ 2-బిలో అద్దము చిత్రము తీసినంతనే తనంత తాను క్రిందికి దిగెను. అంతకు పూర్వపు కెమేరాలు పెక్కింటిలో మీట నొక్కిన పిమ్మట, ఫిల్మును తిప్పువరకు కంటి యెదుట చీకటియే.

ఇక పోల్చి చూతము. 1976లో రెండు జపాను కెమేరాలు వెలువడినవి: కేనన్ ఏ.ఇ.-1, పెంటాక్స్ కె 1000. మొదటిది తెలివిగలది. షట్టరు వేగమును మనము నిర్ణయించినచో, రంధ్రమెంత తెరువవలయునో లోపలి విద్యుత్ పరికరము లెక్కించును. కాని బ్యాటరీ లేనిదే దాని షట్టరు కదలదు. రెండవది మొద్దు యంత్రము. అన్నియు మనమే తిప్పుకొనవలయును. దాని బ్యాటరీ వెలుతురు కొలుచు ముల్లునకు మాత్రమే. అది లేకున్నను 1 సెకను మొదలు 1/1000 సెకను వరకు అన్ని వేగములును పనిచేయును. ఆ ముల్లును ఆపుటకు వేరొక మీట లేదు. కటకమునకు మూత పెట్టుటయే ఉపాయము. మూత మరచినవారి బ్యాటరీ ఊరక వ్యయమగును. నన్నడిగినచో పల్లెలో నుండువారికి కె 1000 మేలు. పండ్ల చక్రములు చెడినచో చూచి సరిచేయవచ్చును. విద్యుత్ పలక కాలినచో వేరొక కెమేరానుండి తీసి వేయుటకన్న గతి లేదు. పైగా దాని కటకములు నేటి పెంటాక్స్ డిజిటల్ కెమేరాలకును తగులును.

రష్యాలో 1965 నుండి తయారైన జెనిట్-ఇ మరింత మోటుది. దాని వేగములు 1/30 నుండి 1/500 వరకే. అయినను దానితో వచ్చు హీలియోస్ కటకమును చూచి కెమేరాను క్షమింపవచ్చును.

పరీక్షించు విధము సులభము. ఫిల్ము లేకుండ వెనుక తలుపు తెరచి, కటకము తీసి, వెలుతురునకు ఎదురుగా పట్టి 1/1000 వేగమున మీట నొక్కుడు. చట్రమంతయు ఒక్కసారి మెరసినట్లు కనబడవలయును. ఒక ప్రక్క చీకటిగా నున్నచో తెరల పరుగు సరిలేదు. తలుపు అంచులలోని నల్లని స్పాంజి వ్రేలికి జిగటగా అంటినచో అది కుళ్ళినదని తెలియవలెను. వెలుతురు దూరి ఫిల్మును పాడుచేయును. దీనిని ఎవరైనను మార్చవచ్చును. వెదురుపుల్లను స్పిరిటులో తడిపి పాతదానిని గోకి, గాడిలో నల్లని ఉన్నిదారము నొత్తిన చాలును. స్పిరిటు షట్టరు తెరపై పడరాదు.

మన వానలకు కటకములకు పట్టు చీడ బూజు. వెలుతురునకు ఎత్తి చూచిన సాలెగూటి పోగులవలె కనబడును. ముదిరినచో గాజుపై పూతను తినివేయును. తుడిచినను మచ్చ పోదు. అందమైన తోలుసంచియే దీనికి పుట్టినిల్లు, తోలు తేమను విడువదు గనుక. సంచిని వేరుగా నుంచి, కెమేరాను సిలికా జెల్ పొట్లముతో మూతగట్టి డబ్బాలో నుంచుడు. కొన్ని పాత టాకుమార్ కటకములు పచ్చబడుట వేరు సంగతి. వాని గాజులో థోరియము కలిసియున్నది. కొన్ని దినములు ఎండలో నుంచిన ఆ పసుపు తగ్గును. ఎండలో కటకము భూతద్దమగును. దాని క్రింద కాగితము, గుడ్డ ఉంచరాదు.

బిగుసుకొనిన కెమేరాలో కుట్టుమిషను నూనె పోయుట మన ఊళ్ళలో తరచుగా జరుగును. ఆ నూనె ప్రాకి షట్టరు తెరలకును, రంధ్రపు రేకులకును అంటుకొనును. అంతకుముందు గంటలో తీరెడి మరమ్మతు అటుపై వారము పట్టును. మరల తలలు జపాను కొలతకు చేసినవి. మామూలు స్క్రూడ్రైవరు జారి వానిని కొరికివేయును. కటకమును మరవిప్పుటకు ముందు, పళ్ళు విడిపోవుచోట సూదితో గుర్తు గీయుడు. ఆ కంఠమునకు పలు మరలు కలసియుండును. వేరొక పంటిలో ఎక్కించినచో దూరపు వస్తువు ఎన్నటికిని స్పష్టము కాదు. పని తెలిసినవారు తగ్గుచున్నారు, క్రొత్త భాగములు వచ్చుట లేదు. కావున చెడిన కెమేరానైనను పారవేయకుడు. దాని చక్రము ఇంకొకదానికి అక్కరకు వచ్చును.

కొలుచు ముల్లు చచ్చినదని విచారింపనక్కరలేదు. 100 వేగము గల ఫిల్మునకు మిట్టయెండలో రంధ్రము ఎఫ్ 16, షట్టరు 1/125. దట్టముగా మబ్బు పట్టిన ఎఫ్ 5.6. చెట్టునీడలో నిలిచినవారికి ఎఫ్ 4. సంఖ్య తగ్గినకొలది రంధ్రము పెద్దదగును. ఫిల్ము వెల నేడెక్కువ. 36 చిత్రముల చుట్ట నెక్కించుటకు ముందు పైన చెప్పిన పరీక్షలన్నియు ముగింపుడు.

ఇక బల్లయొద్దకు రండు. మొదట వెనుక తలుపులు తెరచి చూతము. నూనె పోసినవారెవరైన నున్నచో ముందుగనే చెప్పవలయును.