ఒక్క నియోజకవర్గం, ఇద్దరు ఎంపీలు

ఇవాళ కరీంనగర్ నుంచి లోక్‌సభకు వెళ్లేది ఒక్కరే. 1952 తొలి సార్వత్రిక ఎన్నికల్లో మాత్రం ఇద్దరు వెళ్లారు. అప్పుడది ద్విసభ్య నియోజకవర్గం. రెండింట్లో ఒక సీటు షెడ్యూల్డ్ కులాలకు రిజర్వు.

ఓటరుకు రెండు ఓట్లు. బ్యాలెట్ కాగితం మీద ముద్ర గుద్దే పని లేదు. తెర చాటున అభ్యర్థికో పెట్టె, పెట్టె మీద గుర్తు. మెచ్చిన గుర్తున్న పెట్టెలో కాగితం వేసి రావడమే. అయితే రెండు ఓట్లూ ఒకరికే వేయడం కుదరదు.

గెలిచిన ఇద్దరిలో ఒక్కరూ కాంగ్రెస్ వారు కాదు. ఒకరు గాలిపల్లికి చెందిన బద్దం ఎల్లారెడ్డి. 1947లో రావి నారాయణరెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్‌లతో కలిసి నిజాంపై సాయుధ పోరాటానికి పిలుపునిచ్చిన నాయకుడు. కమ్యూనిస్టు పార్టీపై నిషేధం ఉండటంతో పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ (పీడీఎఫ్) పేరుతో నిలబడ్డారు. రెండో ఆయన అంబేడ్కర్ పార్టీ అయిన షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్‌కు చెందిన ఎం.ఆర్. కృష్ణ. ఆ ఎన్నికల్లో అంబేడ్కరే బొంబాయిలో ఓడిపోయారు. ఆయన పార్టీకి దేశం మొత్తమ్మీద దక్కిన రెండు లోక్‌సభ సీట్లలో ఒకటి మన కరీంనగర్‌ది! ఈ సంగతి ఇక్కడ ఇంకా ఎక్కువగా చెప్పుకోవాల్సింది.

1957లో కృష్ణ కాంగ్రెస్ తరఫున మళ్లీ గెలిచారు. అదే ఏడాది మరో ద్విసభ్య స్థానం పార్వతీపురంలో ఒకటే రిజర్వు అయినా రెండు సీట్లూ గిరిజన అభ్యర్థులకే దక్కాయి. ఓడిన వి.వి. గిరి సుప్రీంకోర్టు దాకా వెళ్లినా ఫలితం మారలేదు. 1961లో చట్టం చేసి ద్విసభ్య స్థానాలను ఎత్తేశారు. మరుసటి ఏడాది ఎన్నికల్లో పెద్దపల్లి రిజర్వుడు స్థానం నుంచి కృష్ణ మూడోసారి లోక్‌సభకు వెళ్లారు.